మూజువాణి వాక్యాలు

నల్లగొండ

బిడ్డా,

మన ఎంపీ ఓట్ల మీద, ఎన్నికల నిధుల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం ముట్టింది. పదకొండు పేజీలు. ఒకసారి చదివి చిరాకుల పక్కకు పడేసిన. మళ్ల ఎందుకు చేతికి తీసుకున్ననో తర్వాత చెప్త. అక్షరదోషాలు లేవు, ఈ కాలంల అది చిన్న సంగతేం కాదు.

చిరాకు మూడో పేజీల మొదలైంది. "మన ఎంపీ గారు సాగునీటికి పెద్దపీట వేశారు, పార్లమెంటులో ప్రజా సమస్యలపై గళమెత్తారు, ఆయన ఓటింగ్ రికార్డు మచ్చలేనిది" అని రాసినవు. ఆ పేరు తీసేసి మహబూబ్‌నగర్ ఎంపీ పేరు పెట్టు, నాగర్‌కర్నూల్ ఎంపీ పేరు పెట్టు. ఏమన్న తేడా వచ్చిందా? ఏ రోజు లేచిండు, ఏ బిల్లు మీద లేచిండు, ఏమన్నడు? ఆ పెద్దపీట ఎవరి ఇంట్ల వేసిండు?

మూజువాణి ఓటు తెలుసు గదా. స్పీకర్ అడుగుతరు, అటోళ్లు "అవును" అని అరుస్తరు, ఇటోళ్లు "కాదు" అని అరుస్తరు. చప్పుడు ఎటు ఎక్కువనిపిస్తే అటు గెలిచినట్టు. ఎవ్వరి పేరూ కాగితం ఎక్కదు. ఎవరన్న పట్టుబట్టి డివిజన్ అడిగితేనే బటన్లు నొక్కుడో, చీటీలు ఇచ్చుడో. అప్పుడు ఎవరు ఎటున్నరో పేరు పేరున తేలుతది. నీ వాక్యాలు అన్నీ మూజువాణి ఓట్లే బిడ్డా. నలభై ఏండ్ల సంది రాస్తున్న, నాకు చేతనైన విద్య ఇదొక్కటే. నీ ప్రతి వాక్యం మీద నువ్వే లేచి డివిజన్ అడగాలె.

ఇగ ఆ మచ్చలేని రికార్డు సంగతి. మచ్చ పడేటందుకు సందేది? 1985ల 52వ రాజ్యాంగ సవరణతోని పదో షెడ్యూల్, అదే ఫిరాయింపుల చట్టం, వచ్చింది. విప్, అంటే ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే హుకుం, కాదని ఓటేస్తే, పార్టీ మాఫీ చేస్తే తప్ప, సీటే పోవచ్చు. కాబట్టి నువ్వు మెచ్చుకున్నది ఆయన రికార్డును కాదు, పార్టీ రికార్డును. అసలు ఓటింగే పేరు పేరున జరగని బిల్లులు ఎన్ని! మన తెలంగాణ బిల్లునే చూడు. 2014 ఫిబ్రవరి 18. లోక్‌సభ తలుపులు మూసిండ్రు, టీవీ ప్రసారం ఆగింది, బిల్లు మూజువాణి ఓటుతోని పాసైంది. ఆ సాయంత్రం గడియారం సెంటర్ల ఎగిరినోళ్లల్ల నేనూ ఒకన్ని, మరునాడు గొంతు పోయింది. కానీ మన రాష్ట్రం పుట్టిన ఆ ఓటుల ఏ ఎంపీ ఎటు నిలబడ్డడో ఒక్కొక్కరి పేరు పట్టి చూద్దామంటే లెక్క లేదు. అదే 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లు చూడు: అటు 454, ఇటు 2. ఆ రెండిట్ల ఒకటి హైదరాబాద్ ఎంపీది. నువ్వు ఒప్పుకో, ఒప్పుకోకపో, ఆ మనిషి ఎక్కడున్నడో నీకు తెలుస్తది.

ఓట్లల్ల దొరకని మనిషి ప్రశ్నలల్ల దొరుకుతడు. "వందకు పైగా ప్రశ్నలు అడిగారు" అని రాసి ఊకున్నవు. లోక్‌సభల రోజుకు 20 ప్రశ్నలే నక్షత్రం గుర్తువి, వాటికే మంత్రి లేచి నోటితోని జవాబు చెప్పాలె, ఎదురు ప్రశ్న వేయొచ్చు. రోజుకు 230 దాకా గుర్తు లేనివి, వాటి జవాబు కాగితం మీదనే వస్తది. మనోనివి ఎన్ని ఇటు, ఎన్ని అటు? ఎన్నిట్ల ఫ్లోరైడ్ అన్న మాటున్నది? వందను పక్కన పెట్టి ఒక్క ప్రశ్న తియ్యి, దాని కింద మంత్రి ఇచ్చిన జవాబు చదువు, ఆ జవాబుల నీ ఊరు ఉన్నదా లేదా వెతుకు.

ఎన్నికల నిధుల భాగం దగ్గర నాకు నిజంగ కోపమొచ్చింది. అఫిడవిట్ల ఆస్తులు ఎక్కిచ్చినవు, నియోజకవర్గం పనులకు ఏడాదికి 5 కోట్లు వచ్చే ఎంపీ ల్యాడ్స్ ఎక్కిచ్చినవు. రెండూ ఎన్నికల ఖర్చు కాదు! ఒకటి ఆయన సొంత సొమ్ము, ఒకటి సర్కారు సొమ్ము. ఎన్నికలల్ల ఎవరు పెట్టిండ్రు, ఎంత పెట్టిండ్రు అన్నది ఇంకో కాగితంల ఉంటది. ఫలితం వచ్చిన 30 రోజులల్ల అభ్యర్థి జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఒప్పజెప్పాలె. పెద్ద రాష్ట్రాలల్ల లోక్‌సభ అభ్యర్థికి పరిమితి 95 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. పార్టీకి ఇచ్చినోళ్ల పేర్లు ఎలక్టోరల్ బాండ్ల చాటున ఏండ్ల తరబడి దాగినయి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాక.

ఆ లెక్కల రిజిస్టర్ ఒకసారి కలెక్టరేట్‌ల నా కండ్లతోని చూసిన. తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకుకు. ఒక అభ్యర్థిది చూస్తే కుర్చీలు, షామియానా, చాయ్, ఆటోకు మైకు, డప్పులోళ్లు అన్నీ ఉన్నయి. కానీ పద్నాలుగు రోజుల లెక్క ఒక్కటే పెన్నుతోని, ఒక్కటే చేతితోని, ఒక్క కొట్టివేత లేకుంట. ఎండల ఊరూరు తిరిగెటోని పుస్తకంల ఒక్క చాయ్ మరక లేదు! ఆ మరక లేకపోవుడే నువ్వు రాయాల్సిన వాక్యం. దొంగ లెక్క అని నువ్వు అననక్కరలేదు, అనొద్దు కూడ. పెన్ను సంగతి చెప్పు చాలు.

ఇగ మళ్ల ఎందుకు చదివిననో చెప్త. తొమ్మిదో పేజీల, బ్రాకెట్ల, ఒక్క ముక్క వదిలినవు: "మా తాత కూడా 1996లో ఎంపీగా నిలబడి ఓడిపోయాడు." అంతే. తర్వాత మళ్ల పెద్దపీట.

మీ తాత ఆ 480 మందిల ఒకడా! నాకు ఆ రోజులు నిన్నటి లెక్క ఉన్నయి. ఫ్లోరైడ్ నీళ్లతోని కాళ్లు వంకరపోతున్నయి, కృష్ణా నీళ్లు కావాలని అడిగీ అడిగీ ఇసిగిపోయి, జలసాధన సమితి పిలుపు మీద ఊర్లకు ఊర్లు వచ్చి నామినేషన్లు వేసిండ్రు. నల్లగొండ లోక్‌సభకు 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యింది, ఎన్నికే వాయిదా పడ్డది. ఆఖరుకు గెలిచింది సీపీఐ నుంచి ధర్మభిక్షం.

నేను అప్పుడు ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌ను. సెంటీమీటర్ల లెక్కన పైసలు, అవి కూడ మూడు నెలలకొకసారి. వార్త రాసి కవర్ల పెట్టి హైదరాబాద్ బస్సుల పంపుడు. ఒక ముసలామె గురించి రాసిన. కలెక్టరేట్ మెట్లు చేతులతోని పట్టుకొని ఎక్కింది, కొంగుల బోరు నీళ్ల సీసా, నవ్వితే పండ్ల మీద గోధుమ గీతలు. "ఏ గుర్తు కావాలె అవ్వా?" అంటే "బిందె ఇయ్యమను, అదే ఖాళీగున్నది" అన్నది. రాత్రి పన్నెండు దాక కూసోని రాసిన. పొద్దున పేపర్ తెరిస్తే: "మహిళలు సైతం ఉత్సాహంగా పాల్గొన్నారు." ఉత్సాహమట! డెస్కు మీది ఆ సబ్ ఎడిటర్‌కు నేను రాసిన "వచ్చిపోయిండు" ఎప్పుడూ "విచ్చేశారు"గా, పుంటికూర గోంగూరగానే కనపడ్డది. ఆయన మీద కోపం ఇంకా పోలేదు, పోనియ్య కూడ. ఇప్పుడు ఆ డెస్కు లేదు గానీ, నీ అసొంటి పిల్లల తలకాయలల్ల కూసున్నది. ఎవరూ కొట్టేయకముందే మీరే కొట్టేసుకుంటున్నరు.

అప్పుడు జనరల్ అభ్యర్థికి డిపాజిట్ 500 రూపాయలు. ఆ ఎన్నిక అయినంక అదే ఏడు 10,000 చేసిండ్రు, ఇప్పుడు 25,000. గుర్తింపు పార్టీ లేనోనికి పది మంది ప్రతిపాదకులు కావాలని కూడ అప్పుడే పెట్టిండ్రు. మీ తాత అసొంటోళ్లు మళ్ల గుంపుగ రాకుంట కట్టిన కంచె అంటా నేను. కాదనెటోళ్లు ఉన్నరు, వాళ్ల మాట కూడ రాయి.

ఎన్నికల నిధి మీద వ్యాసం రాసుకుంట, ఇంట్ల ఉన్న 500 రూపాయలను బ్రాకెట్ల పెట్టినవు చూడు, అదే నాకు మింగుడు పడలేదు. ఆ 500 ఎక్కడివి? అప్పు తెచ్చిండా, మేకను అమ్మిండా, సమితోళ్లు ఇచ్చిండ్రా? మీ నానమ్మ ఏమన్నది? ఎన్ని ఓట్లు పడ్డయి, అందుల ఇంట్లోళ్లవి ఎన్ని? చెల్లిన ఓట్లల్ల ఆరో వంతు రాకుంటే డిపాజిట్ తిరిగి రాదు. ఆ పైసలు పోయినయని తెలిసిన రోజు ఇంట్ల ఏం వండుకున్నరు?

పుస్తకం ఎవరు వేస్తరు, అవార్డుకు పంపొచ్చునా అని అడిగినవు. అవి ఇప్పుడెందుకు? యాసల రాయాల్నా అన్నదానికి ఇంకో ఉత్తరం కావాలె, ఇయ్యాల కండ్లు గుంజుతున్నయి.

తాత ఉన్నప్పుడే కూసోబెట్టి అడుగు. పెట్టెల డిపాజిట్ కట్టిన రసీదు ఉంటే జిరాక్స్ తీసుకొని రా. అసలుది తేకు, మర్రిగూడ బస్సుల మనుషులు నిలబడటందుకే జాగ ఉండదు.