లాటు మోటార్లు కాటాకెక్కించే ముందు

రాయగడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో మూతపడ్డ రైసుమిల్లు మోటార్లు 14 లాటుగా కొన్నావని, పార్వతీపురం వ్యాపారి అన్నిటినీ ఒకే కిలో రేటుకి తీసుకుంటానంటున్నాడని చెప్పావు. అతని లారీ మాటకి తొందరపడకు, కొన్ని రోజులు ఆగమను. ఏది తుక్కుకో, ఏది బాగుచేసి అమ్మాలో ముందు తేల్చుకో. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని రాస్తున్నాను.

మోటారు బరువంతా పోత ఇనుము బాడీది, స్టాంపింగులది (లోపల పేర్చిన పల్చటి ఇనుప రేకులు), షాఫ్టుది. నేను విప్పిన వాటిలో రాగి పదోవంతుకి అటూ ఇటూ ఉండేది, అంతే. అది కూడా నిజంగా రాగే అయితే. ఎనామిల్ పూత వల్ల అల్యూమినియం తీగ కూడా చూడ్డానికి రాగిలాగే ఉంటుంది. టెర్మినల్ బాక్సులో కనిపించే తీగ చూసి నమ్మకు. ఎండ్ కవరు తీసి, లోపలి కాయిల్ చివర బ్లేడుతో గీకు. తెల్లగా మెరిస్తే అల్యూమినియం. దాని రేటు వేరు.

ముందు ప్రతి మోటారు షాఫ్టూ చేత్తో తిప్పు. గరగరలాడితే బేరింగు పోయినట్టు. అది పెద్ద ఖర్చు కాదు, ఆ ఒక్క కారణానికి ఏ మోటారునీ తుక్కులో వెయ్యకు. షాఫ్టుని పైకీ కిందకీ కదిపి చూడు. ఆట ఎక్కువగా ఉంటే విప్పి, స్టేటర్ (కదలని భాగం) లోపల రోటర్ (తిరిగే భాగం) రాసుకున్న మచ్చలున్నాయేమో చూడు. స్టాంపింగులు ఒకదానికొకటి కరిగి అంటుకుపోయి ఉంటే ఇంక ఆలోచించొద్దు, తుక్కు కాటాకే. అలాంటి కోర్‌లో (ఆ రేకుల దిమ్మెలో) ఎంత మంచి తీగ చుట్టినా మోటారు వేడెక్కుతూనే ఉంటుంది.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం అలా రాసుకున్న 5 హెచ్‌పీ మోటారుకి కొత్త వైండింగ్ (తీగ చుట్టలు) వేసి, నాగావళి ఒడ్డు రైతు ఒకాయనకి అమ్మాను. కోర్ సంగతి నాకు తెలుసు, సర్దుకుంటుందిలే అనుకున్నాను. సరిగ్గా నాట్ల సమయంలో మాడిపోయింది. డబ్బు తిరిగిచ్చాను గానీ ఆయన నారు ముదిరిపోయింది. దాన్ని నేను తిరిగివ్వలేకపోయాను. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు.

తర్వాత 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టు. మన 415 వోల్టుల మోటారుకి బాడీకీ వైండింగుకీ మధ్య కనీసం ఒకటిన్నర మెగ్‌ఓమ్ చూపించాలి. సున్నా దగ్గర చూపించినా కంగారుపడకు. ఆ మిల్లు రేకులు కారేవన్నావు కదా, ఎన్ని వానలు తాగాయో ఆ మోటార్లు. కవర్లు విప్పి నాలుగు రోజులు ఎండలో పెట్టు, తర్వాత పెట్టెలో పెట్టి 100 వాట్ల బల్బులతో వెచ్చగా ఉంచు. మళ్ళీ చూడు. నీరు పట్టిన మోటారుని మాడిందనుకుని తుక్కుకిచ్చేసిన వాళ్ళని ఎంతమందిని చూశానో.

నిజంగా మాడినవాటిలో మాడిన తీరు చూడు. మూడు ఫేజుల కాయిల్స్‌ని స్టార్‌గానో డెల్టాగానో కలుపుతారు. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిల్స్ నల్లబడి ఒకటి శుభ్రంగా ఉన్నా, డెల్టాలో ఒక్క ఫేజే నల్లబడి మిగతావి బాగున్నా, అది కరెంటులో ఒక ఫేజు పోయి మాడింది. మోటారు తప్పు కాదది. కోర్ బాగుంటే రీవైండింగుకి అర్హమైనదే. కాకపోతే వైండింగూ బేరింగులూ కలిపి కొత్త మోటారు ధరలో సగం దాటితే నేనైతే చెయ్యించను.

గుమ్మని శబ్దం చేసి తిరగని సింగిల్ ఫేజు మోటార్లు రెండున్నాయన్నావు. ముందు కెపాసిటర్లు మార్చి చూడు. పాతవి ముట్టుకునే ముందు రెండు కాళ్ళకీ బల్బు తగిలించి ఛార్జి పోగొట్టడం మరిచిపోకు.

ఇప్పుడు అసలు విషయం. బాగున్న మోటారు కూడా అందరికీ అమ్మకూడదు. పాత 10 హెచ్‌పీ మోటారు ఎఫిషియెన్సీ 84 శాతం ఉందనుకో, కొత్త ఐఈ3 (కరెంటు తక్కువ తాగే తరగతి) మోటారుది 90 శాతం. పూర్తి లోడు మీద గంటకి అర యూనిట్ పైనే తేడా. రోజుకి పది గంటల చొప్పున 300 రోజులు నడిపే మిల్లువాడికి ఏడాదికి 1,700 యూనిట్లకి పైనే అదనంగా కాలుతాయి. చవగ్గా కొన్నాననుకుంటాడు పాపం, బిల్లు రూపంలో కట్టుకుంటూనే ఉంటాడు. అదే మోటారు సీజన్లో రోజుకి గంట నడిపే పిండిమరవాడికో, చిన్న తోటకి నీళ్ళు పెట్టుకునేవాడికో అయితే చక్కగా సరిపోతుంది. కాబట్టి కొనేవాణ్ణి ముందు ధర కాదు, రోజుకి ఎన్ని గంటలు నడుపుతావని అడుగు. రీవైండ్ చేసిందైతే చేసిందని చెప్పి, బిల్లు మీద కూడా రాయి.

తుక్కుకి పోయేవాటిని మాత్రం మంటల్లో వెయ్యకు. తీగ త్వరగా ఊడొస్తుందని కుర్రాళ్ళు పెరట్లో కాలుస్తుంటారు. ఆ పొగ విషం, పిల్లలున్న ఇల్లు మీది. పైగా కాలిన రాగికి రేటు తగ్గుతుంది. ఉలితో కాయిల్ తలలు నరికి లాగించు, ఆలస్యమైనా సరే.

ఇంకొకటి. రేపట్నుంచి ఎవరెవరో మోటార్లు నీ కొట్టుకి తెస్తారు. నేమ్ ప్లేటు గీకేసి ఉన్నదీ, రాత్రిపూట వచ్చేదీ ముట్టుకోకు. పొలాల్లో మోటార్లు పోతున్నాయని మన రైతులు గోలపెడుతున్నారు. చోరీ సొత్తని తెలిసి కొంటే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 317 సెక్షన్ కింద కేసు. కేసు సంగతి అలా ఉంచు, ఆ మోటారు పోయినవాడు మనలాంటివాడే. తెచ్చినవాడి ఆధార్ కాపీ తీసుకో, నేమ్ ప్లేటు నంబరు పుస్తకంలో రాసుకో.

ఆదివారం పొద్దున బస్సుకి నా మెగ్గర్ పట్టుకుని వస్తాను. ఈలోగా బేరింగులూ షాఫ్టులూ చూసి, ప్రతి మోటారు మీదా సుద్దముక్కతో నంబరేసి ఉంచు. నువ్వు కోర్ పోయిందన్న ఆ 20 హెచ్‌పీని మాత్రం నేనొచ్చే దాకా నరికించకు. అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య