ఇంటికి ఒకరిద్దరు పిల్లలే అయినా హైదరాబాద్ జనాభా ఎందుకు పెరుగుతోంది?

వలసల వల్ల, నగరం హద్దులు పెరగడం వల్ల. ఇంటింటా ఎక్కువమంది పుట్టడం వల్ల కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలే. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అయినా సంఖ్య వెంటనే తగ్గదు. పెద్ద కుటుంబాల్లో పుట్టిన తరం ఇప్పుడు తల్లిదండ్రులవుతోంది కాబట్టి, ఇంకా చావుల కన్నా పుట్టుకలే ఎక్కువ. దానికి తోడు చదువుకీ, ఉద్యోగానికీ, కూలికీ జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు.

హద్దులు పెరగడానికి ఉదాహరణ చూడండి. నగరపాలక సంస్థ పరిధిలో 2001లో సుమారు 36 లక్షల మంది. 2011లో 67 లక్షలు. చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ 2007లో కూకట్‌పల్లి, ఎల్బీనగర్ వంటి 12 మున్సిపాలిటీలను పాత నగరపాలక సంస్థలో కలిపి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) చేశారు. అక్కడి జనంలో చాలామంది అంతకుముందూ ఉన్నారు, ఈ పెరుగుదలలో పెద్ద భాగం లెక్క మారడం వల్లే.

‘ఇద్దరు చాలు’ అని చట్టం తెస్తే ట్రాఫిక్, నీళ్ల టెన్షన్ తీరుతుందనుకోవడం పొరపాటు. ఆడపిల్లల చదువు, ఆలస్యంగా పెళ్లి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు కాన్పులను ఇప్పటికే తగ్గించాయి. (మగవాళ్లకు చేసే ఆపరేషన్ తేలికైనా, ఆ భారం దాదాపుగా ఆడవాళ్లే మోశారు, ఇది మారాలి.) నగరం మీద ఒత్తిడి తగ్గాలంటే వరంగల్, కరీంనగర్, ఖమ్మంలలోనే మంచి ఉద్యోగాలు, ఆసుపత్రులు ఉండాలి.