జీవసంవేదకంలో ‘జీవ’ ఎవరిది?

సందేహం: రక్తంలో చక్కెరను కొలిచే గ్లూకోమీటరులోని ఎలక్ట్రోకెమికల్ బయోసెన్సర్‌ను నా వ్యాసంలో ‘విద్యుత్ రసాయన జీవసంవేదకం’ అన్నాను. ‘జీవాన్ని పసిగట్టేదని అర్థం వస్తుంది, చక్కెరలో జీవమెక్కడిది?’ అని మిత్రులొకరు ఆక్షేపించారు. ‘విద్యుద్రసాయన’ అని సంధి చేయాలని కూడా అన్నారు. ‘గ్లూకోమీటరుతో మధుమేహ నిర్ధారణ’ అని రాశాను. ఇవి సాధువులేనా?

సమాధానం: సమాసం సాధువే. మీ మిత్రులు చెప్పిన విగ్రహవాక్యమే సరికాదు. ఇసుక గడియారం ఇసుకను కొలవదు, ఇసుకతో కాలాన్ని కొలుస్తుంది. శాకపార్థివుడంటే శాకప్రియుడైన రాజు అయినట్లే, జీవసంవేదకమంటే జీవాంశం గల సంవేదకం, ఇది నడిమి మాట లోపించిన మధ్యమపదలోపి సమాసం.

ఆ జీవాంశమేదో గ్లూకోమీటరు స్ట్రిప్పులోనే ఉంది. వేలికొసన పొడిచి తీసిన రక్తపుబొట్టును స్ట్రిప్పు అంచుకు తాకించగానే, అది సన్నని సందులోంచి లోపలికి పాకుతుంది. అక్కడ ఎలక్ట్రోడు మీద పొడిగా పూసి ఉంచిన ఎంజైము (జీవకణాల్లో తయారై రసాయన చర్యను వేగపరిచే ప్రోటీను), రక్తంలో ఎన్ని పదార్థాలున్నా దాదాపు గ్లూకోజును మాత్రమే ఏరి ఆక్సీకరిస్తుంది. ఆ చర్యలో వెలువడిన ఎలక్ట్రాన్లు ఒక మధ్యవర్తి రసాయనం ద్వారా ఎలక్ట్రోడును చేరి, గ్లూకోజు ఎంత ఉంటే అంతకు తగిన స్వల్ప విద్యుత్ప్రవాహాన్ని కలిగిస్తాయి. ఆ ప్రవాహాన్నే మీటరు డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని అంకెగా చూపుతుంది. ఈ పనికి పేరుపడిన ఎంజైము గ్లూకోజ్ ఆక్సిడేజ్. దాన్ని ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్లబూజు నుంచి తీస్తారు. ఎలక్ట్రోడుకు ఎంజైమును జతచేసే ఈ ఆలోచనను 1962లో అమెరికాలో క్లార్క్, లయన్స్ ముందుకు తెచ్చారు. కాబట్టి ‘జీవ’ శబ్దం ఆ ఎంజైముది, చక్కెరది కాదు. ఈ లెక్కన నాడిని కాంతితో లెక్కపెట్టే చేతి గడియారం, సాక్షాత్తు జీవుడి చేతికే ఉన్నా, జీవసంవేదకం కాదు.

సంధి విషయంలో మీ మిత్రుల మాట నిజం. సంస్కృత సమాసంలో పదాంత తకారానికి అచ్చు గాని, గ, ద, బ వంటి సరళం గాని, య, ర, వలు గాని పరమైతే జశ్త్వం వచ్చి దకారమవుతుంది: విద్యుదయస్కాంతం, విద్యుద్దీపం, జగద్రక్షకుడు. పైన నేను రాసిన విద్యుత్ప్రవాహంలో పకారం పరుషం గనుక మార్పు రాలేదు. అయితే పత్రికలు ‘విద్యుత్’ను విడిమాటగా వాడి వాడి దానికి స్వతంత్రత ఇచ్చేశాయి, ‘విద్యుత్ బిల్లు’ను ‘విద్యుద్బిల్లు’ అంటే నవ్వుతారు. శాస్త్ర పరిభాషలో ‘విద్యుద్రసాయన’ అనడమే నాకిష్టం. విడదీసి రాస్తే తప్పుపట్టను గాని, ఒకే వ్యాసంలో రెండూ వద్దు. మొదటిసారి ‘బయోసెన్సర్’ అనే మాట కూడా పక్కన ఉంచితే పాఠకుడు తడబడడు.

మార్చవలసింది మీ మూడో ప్రయోగం. నిర్ధారణ అంటే తేల్చి చెప్పడం. మధుమేహాన్ని తేల్చడానికి సిరలోంచి తీసిన రక్తాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. పరగడుపున 126 మిల్లీగ్రాములు, ఆపైన వస్తే సాధారణంగా మరోసారి చూసి గాని రోగం ఉందనరు. ఇంటి మీటరుగాని, చర్మం కింద కణాల మధ్య ద్రవంలో కొన్ని రోజులపాటు గ్లూకోజును కొలుస్తూ ఉండే సెన్సరుగాని చేసేది పర్యవేక్షణ. ‘షుగర్ చూసుకున్నాను’ అంటామే గాని, ‘తేల్చుకున్నాను’ అనం కదా.