నల్గొండలో ఉండి తొలినాటి ఎలక్ట్రానిక్ సంగీతం రికార్డు లేబుళ్లు సేకరించడం ఎలా?

ముందు ఒక్క లేబుల్ (అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ పేరు) లేదా సిరీస్ పట్టుకోండి. నా ఓటు 1960ల చివర్లో ఫ్రాన్స్‌లో ఫిలిప్స్ మొదలుపెట్టిన ‘ప్రోస్పెక్టివ్’ సిరీస్‌కి. పియేర్ ఆన్రీ, క్సెనాకిస్ లాంటి స్వరకర్తల సంగీతం అందులో ఉంది. వెండిలా మెరిసే ఆ అట్టలు ఇట్టే గీతలు పడతాయి. అందుకే శుభ్రమైన కాపీకి ధర ఎక్కువ. డబ్బు పంపేముందు రికార్డు మధ్య అంటించిన కాగితం చుట్టూ ఖాళీ భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్ ఫోటో అడగండి. ఏ ప్రెస్సింగో (అంటే ఏ విడతలో అచ్చయిన కాపీయో) దాన్నిబట్టే తెలుస్తుంది, అట్ట చూసి నమ్మొద్దు.

ఖర్చు భయమైతే అమెరికా లేబుల్ ఫోక్‌వేస్ నయం. 1948లో పుట్టిన ఆ లేబుల్‌ను 1987లో అక్కడి మ్యూజియంల సంస్థ స్మిత్సోనియన్ తీసుకుంది. పాత ఆల్బమ్‌లు ఇప్పటికీ అమ్ముతున్నారు కాబట్టి విని నచ్చాకే ఒరిజినల్ వెతకొచ్చు.

మన దేశపు ముక్క కూడా ఉండాలి కదా! 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యంతో స్టూడియో పెట్టారు. అక్కడి టేపులు 2023లో రికార్డుగా వచ్చాయి.

పార్సిళ్లు మాత్రం చలికాలంలోనే తెప్పించుకోండి. మన దగ్గర మే నెల ఎండలో బండిలో ఉండిపోతే వినైల్ వంకరపోతుంది. ఇంట్లో నిలబెట్టే పెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు.