పులిహోర ఎన్నిసార్లు కలుపుతావు?

వడపళని, చెన్నై

చిరంజీవికి,

నీ కథ అందింది. పదహారు పేజీల్లో పులిహోర, అదే, తియ్యగా మాట్లాడి బుట్టలో వేసుకోడానికి మీ కుర్రాళ్ళు వాడే మాట, ఇరవై మూడు సార్లు వచ్చింది. పెన్సిలు పెట్టుకుని లెక్కపెట్టాను, నాకింకేం పని. హీరో అమ్మాయితో మాట్లాడితే పులిహోర, మేనేజర్ని పొగిడితే పులిహోర, ఎదురింటి కుక్కని దువ్వినా ‘దానికీ కలుపుతున్నావేంట్రా’. మొదటిసారి నవ్వాను. ఐదోసారికి ఆవులింత వచ్చింది.

తొమ్మిదో పేజీలో నాయనమ్మ వచ్చింది. చింతపండు గుజ్జు చిక్కబడేదాకా స్టవ్ దగ్గరే నిలబడి, బేసిన్లో అన్నం ఆరబోసి, పసుపూ నూనే వేసి, మెతుకు విరగకుండా అడుగు నుంచి పైకి తెస్తూ కలుపుతుంది. నాలుగే వాక్యాలు. ఈ ఉత్తరం వాటి కోసమే. ఐదో వాక్యంలో హీరోగారు ‘ఒరిజినల్ పులిహోర రాజావి నువ్వే నాయనమ్మా’ అని అంతా చెడగొట్టాడు.

జనం ఆ మాట ఎందుకు పట్టుకున్నారో ఆలోచించావా? పప్పు కలపడం అనలేదు. పప్పన్నం నాలుగు పిసుకులు పిసికితే అయిపోతుంది. పులిహోరకి ఓపిక కావాలి, చెయ్యి తేలిగ్గా ఆడాలి, ఉప్పూ పులుపూ కారమూ ప్రతి మెతుక్కీ అంటాలి. అమ్మాయిని మాటల్లో పెట్టేవాడు చేసేదీ అదే. ఆ చెయ్యి కళ్ళముందు కదిలితేనే నవ్వొస్తుంది. ఇక్కడి తమిళ కుర్రాళ్ళు ఇదే పనిని ‘కడలై పోడురదు’, అంటే శనక్కాయలు వెయ్యడం, అంటారు. మెరీనాలో శనక్కాయల పొట్లం కొనుక్కుని ఒక్కో గింజా నములుతూ సాయంత్రమంతా గడిపేయొచ్చు కదా, నాకైతే అదే గుర్తొస్తుంది. షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తూ రోజూ వినే మాట నీ కథలో ఒక్కసారీ లేదు. ఆ గింజలే పులిహోర పోపులోనూ పడతాయి కదయ్యా!

మా పేటలోనే, ఇప్పుడు షాపింగ్ మాలూ ఆసుపత్రీ ఉన్న జాగాలో, వాహినీ స్టూడియో ఉండేది. 1957లో వచ్చిన మాయాబజార్‌లో పింగళి నాగేంద్రరావుగారు ‘అస్మదీయులు’ని రాక్షసుల నోట్లో ‘అసమదీయులు’ చేసి, పక్కనే అప్పటిదాకా లేని ‘తసమదీయులు’ని నిలబెట్టారు. మొదటిది మనకి తెలిసిన మాట కాబట్టే రెండోది చెల్లింది. నువ్వు రెండోదానితోనే మొదలుపెడుతున్నావు.

నా సంగతి చెబుతా. మాది నెల్లూరు నుంచి మద్రాసు చేరిన ఇల్లు, మాకు పిల్లలంటే పిలకాయలే. నా మొదటి కథలో అలాగే రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు అన్నిచోట్లా కొట్టేసి ‘బాలలు’ చేశాడు. మా అమ్మ అచ్చులో చదివి, ‘ఎవర్రా ఈ బాలలు, మనింట్లో ఎవరూ లేరే?’ అంది. అదే పత్రిక ఇప్పుడు కేక, తోపు, రచ్చ అని శీర్షికలు పెడుతోంది. మా పిలకాయలు చేసిన పాపమేమిటో! ఆ కసితో రెండో కథ నిండా పిలకాయల్ని కుక్కాను. తిరిగొచ్చింది. ఆసారి ఆయనదే రైటని ఒప్పుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది.

కలం పేరు గురించీ పారితోషికం గురించీ అడిగావు. అవి తర్వాత.

ముందు ఆ ఇరవై మూడూ కొట్టెయ్. హీరోని వంటింటి గుమ్మంలో నిలబెట్టి ఫోన్లో గుసగుసలాడించు. నాయనమ్మని బేసిన్ మీంచి తలెత్తకుండా, ‘నువ్వూ కలుపుతున్నావా?’ అని మాత్రం అడగమను.

ఆశీస్సులతో,
మీ వడపళని పెద్దాయన