మా గుర్తు ఓటు మిషన్ మీద లేదు సార్

ప్రశ్న: సార్, మాది మునుగోడు నియోజకవర్గంలో ఒక పల్లె. నాకు యాభై రెండేళ్లు, బట్టలు కుట్టి బతుకుతున్నాను. మా అమ్మగారిల్లు, అత్తగారిల్లు రెండూ సీపీఐ వాళ్ల కంకి కొడవలి గుర్తే. 2022 ఉపఎన్నికప్పుడు రాత్రి పదకొండింటికి తలుపు కొట్టి ఓటుకు మూడు వేల చొప్పున కవర్లు ఇచ్చారు. నేను వద్దన్నాను. మా అబ్బాయి తీసుకున్నాడు. ‘నువ్వు కాదంటే మన పేరు మీద ఇంకొకడు తింటాడు’ అన్నాడు. పక్క వాడలో మాకు రాలేదని ఆడవాళ్లు రోడ్డెక్కారు. పైసలు వద్దన్న నాకేమో బూత్‌లోకి పోతే మా గుర్తే కనబడలేదు. ఇక ఓటుకు పోవడం మానేద్దామనుకుంటున్నా. తప్పా?
– ఒక చెల్లెలు, నల్గొండ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ విసుగును నేను తప్పుపట్టను. మీ నియోజకవర్గంలో ఏం జరిగిందో చూడండి. 2018లో సీపీఐ కాంగ్రెస్‌తో పొత్తులో ఉంది, చెయ్యి గుర్తుకు వేయమన్నారు. కాంగ్రెస్ అభ్యర్థి రాజగోపాల్ రెడ్డి గెలిచారు. 2022లో ఆయన బీజేపీలోకి వెళ్లి మళ్లీ నిలబడితే, ఆయన్ని ఆపాలి, టీఆర్ఎస్ కారుకు వేయమన్నారు. 2023లో ఆయన కాంగ్రెస్‌కు తిరిగొచ్చారు, పొత్తు కాబట్టి మళ్లీ ఆయనకే వేయమన్నారు. ఐదేళ్లలో ఒకే మనిషిని గెలిపించమని, ఓడించమని, మళ్లీ గెలిపించమని చెబితే ఓటరు ఏం చేయాలి? బీజేపీని ఆపాలన్న కారణం నాకు అర్థమవుతుంది. కానీ ఎర్రజెండా తప్ప ఇంకోటి తెలియని మీలాంటివాళ్లతో కూర్చుని ఆ మాట ఎవరైనా మాట్లాడారా?

ఇది ఎక్కడో కాదు, మునుగోడు. 1985, 89, 94 ఎన్నికల్లో ఉజ్జిని నారాయణరావును, 2004లో పల్లా వెంకటరెడ్డిని, 2009లో ఉజ్జిని యాదగిరిరావును సీపీఐ నుంచి గెలిపించిన నేల. 1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లేసిన జిల్లా మీది.

మా నాన్న కూడా పార్టీ మనిషే. ఎన్నికలొస్తే ఖాళీ డాల్డా డబ్బా మూతకు సందు కోసి, చుట్టూ ఎర్ర కాగితం అంటించి ఇల్లిల్లూ తిరిగేవాడు. పైసలు లేనివాళ్లు సోలెడు జొన్నలు పోసేవాళ్లు. రాత్రి ఆ డబ్బాను చాప మీద బోర్లిస్తే చిల్లర లెక్కపెట్టడం నా పని. అంచులు వంకర్లు తిరిగిన పది పైసల బిళ్లలే ఎక్కువ ఉండేవి. ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి అలాంటి బిళ్ల ఒకటి వేస్తే, నాన్న ఆమె పేరు అడిగి రసీదు రాసిచ్చాడు. ఆమెకు చదువు రాదు. అయినా ఆ కాగితం మడిచి మళ్లీ కొంగునే ముడేసుకుంది. ఓటరే పార్టీకి డబ్బులిచ్చిన రోజులవి.

ఇప్పటి సంగతికి వద్దాం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని 2022 జనవరిలో పెట్టిన పరిమితి. ఆ ఉపఎన్నికలో మీ దగ్గర ఓటర్లు సుమారు 2 లక్షల 41 వేల మంది. అంటే మనిషికి పదిహేడు రూపాయలు కూడా రావు. ఓటుకు మూడు వేల లెక్కన పంచితే ఆ 40 లక్షలు 1,333 మందితోనే అయిపోతాయి. పైగా ఈ పరిమితి అభ్యర్థికే, పార్టీ ఖర్చుకు హద్దే లేదు. 1974లో సుప్రీంకోర్టు, పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి ఖాతాలోనే చూడాలంది. వెంటనే చట్టం మార్చి ఆ తీర్పును పనికిరాకుండా చేశారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మీ గుమ్మంలోకి వచ్చిన కవరు చివరి మజిలీ మాత్రమే. దానికి దారి ఢిల్లీలోనే వేశారు.

ఇచ్చినవాళ్ల పేరు బయటికి రాకుండా పార్టీలకు చందాలిచ్చే ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసినవాళ్లలో సీపీఎం ఉంది. మీ సీపీఐ కూడా బాండ్లు తీసుకోలేదు. ఇది గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే 2019లో తమిళనాడులో డీఎంకే నుంచి సీపీఐ 15 కోట్లు, సీపీఎం 10 కోట్లు తీసుకున్నాయి. అది లెక్కల్లో చూపిన డబ్బే, దొంగసొమ్ము కాదు. అయినా పొత్తు పార్టీ జేబు మీద ఆధారపడితే సీట్ల దగ్గర గట్టిగా మాట్లాడటం కష్టమని నా అభిప్రాయం.

మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే, ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. ఇక ఎవరికి వేశామో తెలిసిపోతుందన్న టెన్షన్ మీకు వద్దు. టీచరుగా ఉన్నన్నాళ్లూ ఎన్నికల డ్యూటీలు చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. బూత్‌లో ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో బయటకొస్తుంది, ఎవరి ఓటు ఎటు పోయిందో రాదు. ‘మీ వాడలో ఓట్లు తగ్గాయి’ అని బెదిరించేవాళ్లు ఆ బూత్ లెక్క పట్టుకునే మాట్లాడతారు.

ఓటు మానేస్తే కవర్లు పంచినవాళ్లకు పోయేదేమీ లేదు. ఎవరికీ వేయనని చెప్పే నోటా నొక్కినా ఫలితం మారదు. మీరు అలిగితే మీ పార్టీవాళ్లకు తెలిసేలా అలగండి. ఊళ్లో శాఖ మీటింగు ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. వచ్చే ఎంపీటీసీ ఎన్నికలో మన గుర్తు మీద మనిషిని నిలబెడతారా లేదా అని అడగండి. పొత్తు పెట్టుకునే ముందు మమ్మల్ని ఎందుకు అడగలేదని కూడా అడగండి. డబ్బుల్లేవంటే ఇంటికి పది రూపాయలు వసూలు చేద్దామని, మీ వాడ మీరే తిరుగుతానని చెప్పండి. రసీదు పుస్తకం మాత్రం వాళ్లనే తెమ్మనండి.

వాళ్లేమన్నారో నాకు మళ్లీ రాయండి.