హిమ్, హర్, ఇట్ తరవాత ఏం రావాలి?

చిరంజీవి బాబుకి,

ఆశీస్సులు. నువ్వు చూడమని పంపిన ఆఫీసు మెయిళ్లన్నీ చదివాను. స్పెల్లింగులు బాగున్నాయి, టెన్సులు కూడా పెద్దగా తప్పడం లేదు. చిక్కంతా ఒక్కచోటే ఉంది. హిమ్, హర్, ఇట్, దెమ్, మి, అస్ అనే చిన్నమాటలు ఎక్కడ పెట్టాలి, వాటి తరవాత నిన్న, ఆఫీసులో, జాగ్రత్తగా లాంటివి ఏ వరసలో రావాలి అన్నదగ్గర తడబడుతున్నావు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్లందరికీ కాల్లో గుచ్చుకునే ముల్లే ఇది.

తెలుగులో ‘నిన్న బస్టాండులో అతన్ని కలిశాను’ అన్నా, ‘అతన్ని నిన్న బస్టాండులో కలిశాను’ అన్నా అర్థం చెడదు. అతనికి ‘ని’ తగిలింది, బస్టాండుకి ‘లో’ తగిలింది. ఎవరి బొట్టు వాళ్లకుంది కాబట్టి ఎక్కడ నిలబడ్డా గుర్తుపడతాం. ఇంగ్లీషులో నామవాచకాలకి ఆ తోకలు చాలాకాలం కిందటే అరిగిపోయాయి. మాట కూర్చున్న చోటే దాని పనేమిటో చెబుతుంది. హి కాస్తా హిమ్‌గా మారి తన విభక్తిని తానే చూపిస్తున్నా, చోటు విషయంలో దానికీ సడలింపు లేదు.

కాబట్టి మొదటి పని: క్రియ రాయగానే దాని పక్కనే సర్వనామం పెట్టెయ్యి. మిగతావన్నీ ఆ తరవాతే. ‘ఐ లైక్ వెరీ మచ్ ఇట్’ కాదు, ‘ఐ లైక్ ఇట్ వెరీ మచ్’. ‘ఐ నో వెరీ వెల్ హిమ్’ కాదు, ‘ఐ నో హిమ్ వెరీ వెల్’. ‘ఐ యెస్టర్‌డే మెట్ హిమ్’ అని రాశావు ఒకచోట. యెస్టర్‌డే వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉండాలి గానీ ఐకి, మెట్‌కి మధ్య ఇమడదు. ఆల్వేస్, నెవర్, ఆఫెన్ లాంటివి మాత్రం క్రియకు ముందు హాయిగా కూర్చుంటాయి: ‘ఐ ఆల్వేస్ కాల్ హిమ్’. అక్కడ కూడా కాల్, హిమ్ జంట విడిపోలేదు చూడు.

పేపర్లలో ‘హి ఎక్స్‌ప్లెయిన్డ్ క్లియర్లీ ద రీజన్స్ ఫర్ ద డిలే ఇన్ ద ప్రాజెక్ట్’ లాంటివి చదివి, క్లియర్లీ మధ్యలో వచ్చిందే అనుకుంటావేమో. ఇంగ్లీషులో బరువైన ముక్క వాక్యం చివరికి జరుగుతుంది. ఆ రీజన్స్ దగ్గర్నుంచి ప్రాజెక్ట్ దాకా ఉన్నదంతా ఒకే పెద్ద మూట, అందుకే దానికా వెసులుబాటు. ఇట్ అనేది మూట కాదు, ఆవగింజ. ‘ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ క్లియర్లీ’ అనాలి, ‘ఎక్స్‌ప్లెయిన్డ్ క్లియర్లీ ఇట్’ అనకూడదు.

ఇంకో తప్పు దీనికంటే ఎక్కువ కనిపిస్తోంది. అసలు ఇట్‌నే మింగేస్తున్నావు. తెలుగులో ‘బల్ల మీద పెట్టు’ అంటే చాలు, దేన్ని అని ఎవరూ అడగరు. అదే అలవాటుతో ‘పుట్ ఆన్ ద టేబుల్’ అని రాస్తే, ఇంగ్లీషులో పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం కదా, బల్లని తొడుక్కోమన్నట్టు తయారవుతుంది. ‘పుట్ ఇట్ ఆన్ ద టేబుల్’ అను. ‘ఐ రిసీవ్డ్ యెస్టర్‌డే’ అన్నదీ ఇదే జబ్బు; ‘ఐ రిసీవ్డ్ ఇట్ యెస్టర్‌డే’. మెయిల్ రాశాక సెండ్, రిసీవ్, లైక్, పుట్, గివ్, చెక్ లాంటి క్రియ ఉన్న ప్రతిచోటా ఆగి ‘దేన్ని?’ అని అడుగు. జవాబు కాగితం మీద లేకపోతే ఇట్ గానీ దెమ్ గానీ చేర్చు.

ఇక అసలు తంటా అప్, ఆఫ్, బ్యాక్, ఆఫ్టర్ లాంటి తోడుమాటలతో. ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’ రెండూ ఒప్పే. ఫ్యాన్ బదులు ఇట్ పెట్టావంటే మాత్రం ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే. పిక్ ఇట్ అప్, గివ్ ఇట్ బ్యాక్, కాల్ మి బ్యాక్, త్రో దెమ్ అవే, అన్నీ ఈ కుటుంబమే. ‘లుక్ ఆఫ్టర్’ వేరే కుటుంబం. ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలి, ‘లుక్ హర్ ఆఫ్టర్’ అనకూడదు. లుక్ ఎట్, వెయిట్ ఫర్, లిజన్ టు కూడా అంతే.

ఏది ఏ కుటుంబమో తెలుసుకోడానికి మామూలు నామవాచకం పెట్టి అటూ ఇటూ జరిపి చూడు. ‘లుక్ ద చైల్డ్ ఆఫ్టర్’ అంటే చెవికే ఎబ్బెట్టుగా ఉంది కదా, అంటే ఆ ఆఫ్టర్ కదలదు, హర్ దాని వెనకే రావాలి. ఫ్యాన్ అటూ ఇటూ జరిగింది, కాబట్టి ఇట్ మధ్యలో దూరాలి. పలికేటప్పుడు కూడా తేడా వినిపిస్తుంది: ‘టర్న్ ఇట్ ఆఫ్’లో ఊనిక ఆఫ్ మీద పడుతుంది, ‘లుక్ ఎట్ ఇట్’లో ఎట్ మీద పడదు. చోటు మారితే అర్థం తిరగబడేవీ ఉన్నాయి. ‘సీ త్రూ హిమ్’ అంటే అతని నాటకం కనిపెట్టడం, ‘సీ హిమ్ త్రూ’ అంటే కష్టంలో అతన్ని గట్టెక్కించడం. మేనేజరుకి రాసే మెయిల్లో ఇవి తారుమారు చెయ్యకు.

జాగ్రత్తగా అని చెప్పాలంటే ‘పిక్డ్ ఇట్ కేర్‌ఫుల్లీ అప్’ అనకు. ‘పిక్డ్ ఇట్ అప్ కేర్‌ఫుల్లీ’ అను, లేదా కేర్‌ఫుల్లీని క్రియకు ముందుకు తెచ్చుకో.

‘నాకు చెప్పాడు’లో ‘కు’ ఉంది కదా అని ‘హి టోల్డ్ టు మి’ అంటున్నావు. టెల్ పక్కన టు రాదు: ‘హి టోల్డ్ మి’. ఎక్స్‌ప్లెయిన్ దగ్గర సరిగ్గా తలకిందులు: ‘ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు మి’ అనాలి, ‘ఎక్స్‌ప్లెయిన్డ్ మి’ కాదు. ‘డిస్కస్డ్ ఎబౌట్ ఇట్’లో ఎబౌట్ కొట్టెయ్యి. బళ్లో బట్టీపట్టిన విభక్తుల పట్టికలో ‘గురించి’ ద్వితీయలోనే ఉంది, గుర్తుందా? డిస్కస్ ఆ ‘గురించి’ని తన కడుపులోనే పెట్టుకుంది. ‘గివ్ మి ఇట్’ అని ఇంగ్లండులో కొందరి నోట వినిపిస్తుంది గానీ, రాతలో ‘గివ్ ఇట్ టు మి’ అనే రాయి.

సర్వనామం కుదురుకున్నాక దాని వెనక వరస మామూలుగా ఇలా నడుస్తుంది: ఎలా, ఎక్కడ, ఎప్పుడు. ‘షి ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ క్లియర్లీ ఎట్ ద మీటింగ్ యెస్టర్‌డే’. ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లే క్రియలైతే చోటే ముందొస్తుంది: ‘హి టుక్ హర్ టు ద హాస్పిటల్ క్విక్లీ’. బ్యాక్, టు మి లాంటివి క్రియకి బాగా దగ్గర చుట్టాలు, అవి అన్నిటికన్నా ముందుంటాయి: ‘సెండ్ ఇట్ బ్యాక్ టు మి బై మండే’. చివర్లో మూడు ముక్కలకు మించి పోగుపడితే ‘ఎప్పుడు’ని తీసి వాక్యం మొదట్లో పెట్టు, ఊపిరాడుతుంది.

కాలంలోనూ చోటులోనూ మనం పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాం: సోమవారం ఉదయం ఆరింటికి, గుంటూరులో బ్రాడీపేటలో. ఇంగ్లీషు చిన్నదాంతో మొదలుపెట్టి పైకెక్కుతుంది: ‘ఐ మెట్ హిమ్ ఎట్ సిక్స్ ఆన్ మండే మార్నింగ్’, ‘ఇన్ బ్రాడీపేట్, గుంటూర్’.

‘హి టోల్డ్ మి ఆన్ మండే హి వుడ్ కమ్’ అని రాస్తే సోమవారం చెప్పాడా, సోమవారం వస్తానన్నాడా? మండే తరవాత దట్ పెడితే చెప్పింది సోమవారం. ‘హి టోల్డ్ మి దట్ హి వుడ్ కమ్ ఆన్ మండే’ అంటే రాక సోమవారమని చదువుతారు. తేదీలున్న మెయిళ్లలో దట్ మానెయ్యకు.

ఈ నాలుగూ ఇంగ్లీషులో రాసి పంపు:

రేపు ఉదయం దాన్ని నాకు తిరిగి పంపు.
నిన్న రాత్రి ఆమెను బస్టాండు దగ్గర దింపాను.
ఫ్యానా? ఇప్పుడే ఆపేస్తాను.
సోమవారం దాని గురించి వాళ్లతో చర్చించాం.

మూడోదాంట్లో తెలుగులో కనపడని మాట ఒకటి ఇంగ్లీషులో ఉండాలి, చూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న